పాత పాకెట్ నవలలకి ఆన్‌లైన్ కేటలాగు: మొదటి పుస్తకం నుంచి చివరి అర దాకా

మా పెద్దమ్మ ట్రంకు పెట్టెలో 186 పుస్తకాలు దొరికాయి. సగం డిటెక్టివ్ నవలలు, కొన్ని సాంఘికాలు, నాలుగైదు దయ్యాల కథలు, మిగతావి వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు కత్తిరించి తనే బైండు చేయించుకున్నవి. ఏవేం ఉన్నాయో ఒక జాబితా రాద్దామని కూర్చుని, వాటి పేర్లు ఒక్కొక్కటే నెట్లో వెతికితే చాలావాటికి ఒక్క ఫలితం కూడా రాలేదు. ముఖచిత్రం లేదు, సంవత్సరం లేదు, అసలు అలాంటి పుస్తకం ఒకటి వచ్చిందన్న జాడే లేదు. అప్పటిదాకా నాకోసం రాసుకుంటున్న జాబితా కాస్తా అక్కడి నుంచి వేరే పని అయింది.

ఇంగ్లీషు పుస్తకాలున్నవాళ్లకి ఈ పని తేలిక. వెనక అట్ట మీద బార్‌కోడ్ ఫోన్‌కి చూపిస్తే వివరాలన్నీ వచ్చి పడతాయి. మన పాకెట్ నవలల్లో ఎక్కువ భాగానికి ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకానికీ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) లేదు, ఉన్నా అది ఎవరూ ఎక్కించని నంబరు. కాబట్టి మీ దగ్గరున్న ప్రతి గురించి నెట్లో మొట్టమొదట రాసేది మీరే కావచ్చు, తర్వాత వచ్చేవాళ్లు మీరు రాసిందే నిజమనుకుంటారు. అందుకే నేను పట్టుకున్న నియమం ఒక్కటే: పుస్తకం మీద ఏముందో అది ఉన్నట్టు రాయాలి, మనం ఊహించింది ఊహ అని పక్కన విడిగా రాయాలి. కింద చెప్పేదంతా ఈ నియమాన్ని ఆచరణలో పెట్టడమే.

ముందు బల్ల మీద

కంప్యూటర్ తెరవకండి, ముందు పుస్తకాలు చూడండి. పెట్టెలోంచి తీసినవి తీసినట్టు అరలో పెట్టకుండా రెండు రోజులు నీడలో గాలికి ఉంచండి, ఎండలో వద్దు, ఆ న్యూస్‌ప్రింట్ కాగితం ఎండకి ఇంకా పెళుసైపోతుంది. మెత్తటి పెయింట్ బ్రష్‌తో దుమ్ము బయటికి దులపండి. చెదలు పట్టిన పుస్తకం ఒక్కటి కనబడినా దాన్ని వెంటనే వేరే గదిలో పెట్టాలి. పాత పాకెట్ బుక్స్ చాలావరకు పక్క నుంచి పిన్నులు కొట్టి అట్ట అంటించినవే, ఆ పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేసి ఉంటాయి, కాబట్టి బల్లపరుపుగా తెరవడానికి ప్రయత్నించకండి, వెన్ను దగ్గర విరిగిపోతుంది. సగం తెరిచి చేత్తో పట్టుకుని చూడటమే.

తర్వాత ప్రతి పుస్తకానికీ ఒక నంబరు ఇవ్వండి, 0001 నుంచి. రచయితని బట్టో రకాన్ని బట్టో కోడ్‌లు పెట్టాలని అనిపిస్తుంది, పెట్టకండి, ఎందుకంటే రచయిత ఎవరన్న మీ అభిప్రాయం రేపు మారవచ్చు, నంబరు మారకూడదు. చేతికి వచ్చిన వరసలో ఇచ్చుకుంటూ పోండి. ఆ నంబరుని చివరి అట్ట లోపలి వైపు పై మూల మెత్తటి పెన్సిల్‌తో చిన్నగా రాయాలి. పెన్ను వద్దు, స్టిక్కర్ అసలే వద్దు, పదేళ్ల తర్వాత స్టిక్కర్ ఊడిపోయి దాని జిగురు మరక మాత్రం మిగులుతుంది.

ఫోటోలు కనీసం నాలుగు: ముందు అట్ట, వెనక అట్ట, టైటిల్ పేజీ, ధరా ముద్రణ వివరాలూ ఉన్న పేజీ. స్కానర్ మీద బోర్లా పెట్టి నొక్కొద్దు. కిటికీ పక్కన పొద్దుటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌తో తీస్తే చాలు. ఫోటో ఫైళ్లకి పుస్తకం పేరు పెట్టకండి, 0147-1, 0147-2 అని అంకెలే పెట్టండి, ఏ కంప్యూటర్లోనైనా వరస తప్పకుండా ఉంటాయి. అద్దె లైబ్రరీ ముద్ర, ఎవరిదో సంతకం, పేజీల మధ్య దొరికిన బస్సు టికెట్టు, వీటికి కూడా ఒక్కో ఫోటో తీసుకోండి. వీటి అవసరం ఎక్కడొస్తుందో సంవత్సరం తేల్చేటప్పుడు చూద్దాం.

పట్టిక

మొదట గూగుల్ షీట్స్‌లో మీ సొంత పట్టిక తయారు చేసుకోండి, ఏ వెబ్‌సైట్ అయినా దాని తర్వాతే. నేను మొదట ఒక ఫోన్ యాప్‌లో 140 పుస్తకాలు ఎక్కించాను, కొన్ని నెలలకి ఆ యాప్ మూతపడింది, అందులోంచి వివరాలు బయటికి తీసుకునే దారి కూడా లేదు. అన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అసలు ప్రతి మీ దగ్గర ఉండాలి, వెబ్‌సైట్‌లో ఉండేది నకలు మాత్రమే.

నిలువు వరసలు (కాలమ్‌లు) ఎన్ని కావాలంటే, నావి ఇవి: నంబరు, అట్ట మీది పేరు, టైటిల్ పేజీ మీది పేరు, రచయిత పేరు ముద్రించినట్టు, రచయిత ప్రామాణిక పేరు, ప్రచురణకర్త, ఊరు, ప్రెస్సు, ధర, ముద్రించిన సంవత్సరం, అంచనా సంవత్సరం, అంచనాకి ఆధారం, ఎన్నో ముద్రణ, కాపీల సంఖ్య, పేజీలు, కొలతలు సెంటీమీటర్లలో, ముఖచిత్రం ఎవరిది, సీరీస్ లేదా పాత్ర, రకం, కండిషన్, ముద్రలూ సంతకాలూ, ఎక్కడ కొన్నది, ఏ అరలో ఉంది. ఎక్కువనిపిస్తే చివరి నాలుగైదు తర్వాత నింపుకోవచ్చు. కానీ "ముద్రించిన సంవత్సరం", "అంచనా సంవత్సరం" మాత్రం ఎప్పుడూ ఒకే వరసలో కలపకండి.

ఒక చిన్న విషయం ముందే చెప్పాలి. పాత ధరలు రు. 2-50 అని గీతతో ఉంటాయి. మీరు పట్టికలో 2-50 అని కొడితే షీట్ దాన్ని తేదీ అనుకుని మార్చేసే ప్రమాదం ఉంది, మీరు గమనించకపోతే అసలు ధర పోయినట్టే. టైపింగ్ మొదలుపెట్టే ముందే ధర వరసనీ నంబరు వరసనీ ఎంచుకుని ఫార్మాట్ మెనూలో నంబర్ కింద ప్లెయిన్ టెక్స్ట్ అని పెట్టేయండి. లేదంటే 0001లో ముందున్న సున్నాలు కూడా ఎగిరిపోతాయి.

ముఖచిత్రం వరస తప్పనిసరిగా పెట్టుకోమంటాను. అట్ట మూలల్లో బాపు, చంద్ర లాంటివాళ్ల సంతకాలు దొరుకుతాయి, ఫోటోని పెద్దది చేసి చూస్తే గాని కనబడవు. లోపల ఎక్కడా పేరు వేయరు కాబట్టి ఆ సంతకం ఒక్కటే ఆధారం. సంతకం చదవలేకపోతే "సంతకం ఉంది, చదవలేకపోయాను" అని రాయండి, బొమ్మ చూసి ఫలానావారిదే అయ్యుంటుందని పేరు వేసేయకండి.

పేర్లతో వచ్చే చిక్కులు

పేరు తెలుగు లిపిలోనే రాయండి, ఇంకో వరసలో ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాయండి. రెండూ కావాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, వాటి మీద ఆధారపడితే ఒకే పుస్తకం మూడు పుస్తకాలవుతుంది.

తెలుగులో రాసినా చిక్కులున్నాయి. డిటెక్టివ్ అని ఒకరు, డిటెక్టీవ్ అని ఒకరు. పాతవాటిలో అరసున్నలు కూడా ఉంటాయి. అట్ట మీద ఎలా ఉంటే అలాగే అచ్చంగా రాసి, వెతకడానికి వీలుగా ఇవాళ్టి స్పెల్లింగ్ పక్క వరసలో పెట్టుకోండి. ఇంకొకటి కంటికి కనబడని చిక్కు. "పాకెట్‌లో" అన్నప్పుడు ట, ల కలిసిపోకుండా ఉండటానికి కీబోర్డు మధ్యలో కనబడని ఒక అక్షరం వేస్తుంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఒకసారి అది పెట్టి, ఇంకోసారి పెట్టకుండా రాస్తే పట్టికలో వెతికినప్పుడు రెండోది దొరక్కపోవచ్చు. దొరకాల్సిన పుస్తకం దొరకట్లేదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

టైపింగ్ భారం అనిపిస్తే గూగుల్ లెన్స్‌తో టైటిల్ పేజీ చదివించి కాపీ చేసుకోవచ్చు, తెలుగు బాగానే చదువుతుంది, కానీ పాత అచ్చులో అరిగిపోయిన టైపు వల్ల ప, వ కలిసిపోతాయి, ధ కాస్తా థ అవుతుంది. ప్రతి పేరూ పుస్తకంతో సరిచూసుకోవాల్సిందే.

రచయిత పేరుకి రెండు వరసలు ఎందుకంటే మారుపేర్లు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి, బీనాదేవి పేరుతో రాసింది భార్యాభర్తలిద్దరు. ఇలా అందరికీ తెలిసినవి సరే. పాకెట్ నవలల్లో ఒక్కసారి కనబడి మాయమైపోయిన పేర్లు ఎన్నో ఉన్నాయి, వాటి వెనక ఎవరున్నారో ఎవరికీ తెలియదు. శైలి చూసి ఇది ఫలానావారి రాతే అని మీకు గట్టిగా అనిపించినా ప్రామాణిక పేరు వరసలో ఎక్కించకండి, నోట్స్‌లో "అనుమానం" అని రాసి ఊరుకోండి.

డిటెక్టివ్ నవలలకి పాత్ర వరస చాలా పనికొస్తుంది. కొమ్మూరి సాంబశివరావు నవలల్ని చాలామంది పుస్తకం పేరుతో కాదు, యుగంధర్ పేరుతో గుర్తుపెట్టుకుంటారు, మధుబాబు నవలల్ని షాడో పేరుతో. వెతికేవాళ్లు వెతికేది అలాగే.

సంవత్సరం ఎలా పట్టుకోవాలి

నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. పాకెట్ నవలల్లో చాలావాటికి సంవత్సరం వెయ్యనే వెయ్యరు. ఉంటే అది ఏ ముద్రణదో చూసుకోండి, "ప్రథమ ముద్రణ" సంవత్సరం వేసి ఉన్నంత మాత్రాన మీ చేతిలో ఉన్నది ఆ ముద్రణే అనుకోవడానికి లేదు, ధర ఆ కాలానికి మరీ ఎక్కువగా ఉంటే అనుమానించాలి.

సంవత్సరం లేకపోతే ఇవి చూడండి. మొదట ధర. అణాల్లో ఉంటే 1957కి ముందుదో ఆ చుట్టుపక్కలదో, ఎందుకంటే 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. "75 న.పై." అని ఉంటే అప్పటి నుంచి 1964 మధ్యది, 1964 జూన్ 1 నుంచి "నయా" తీసేసి పైసలు అన్నారు. అయితే ఒక్క రోజులో అందరూ మారిపోలేదు, కాబట్టి ఒక ఏడాది అటూ ఇటూ వదిలిపెట్టండి.

తర్వాత చిరునామా. విజయవాడ-2, మద్రాసు-17 అని ఉందా, లేక ఆరంకెల పిన్‌కోడ్ ఉందా? పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, కాబట్టి ఆరంకెలు ఉన్న పుస్తకం ఖచ్చితంగా ఆ తర్వాతదే. తిరగేసి మాత్రం చెప్పకూడదు, పిన్‌కోడ్ వచ్చాక కూడా విజయవాడ-2 అని వేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. మద్రాసుకి బదులు చెన్నై అని ఉంటే 1996 తర్వాతది. ఐఎస్‌బీఎన్ పదమూడు అంకెలతో ఉంటే దాదాపు 2007 నుంచి వచ్చిన ముద్రణే, అది పాత నవలకి కొత్త అచ్చు.

ఒక పుస్తకం తీసుకుని చూపిస్తాను. నా దగ్గర 0063. ఆకుపచ్చ అట్ట, పిస్తోలు పట్టుకున్న చెయ్యి, కింద సగం చిరిగిన ఒక ఆడమనిషి మొహం. సంవత్సరం ఎక్కడా లేదు. వెల 75 పైసలు, "నయా" లేదు, అంటే 1964 మధ్య తర్వాతది కావచ్చు. ప్రచురణకర్త చిరునామాలో విజయవాడ-2 అని మాత్రమే ఉంది, దీనివల్ల గట్టిగా ఏమీ తేలదు. వెనక అట్ట లోపలి వైపు అద్దె లైబ్రరీ వాళ్లు అంటించిన చీటీ ఉంది, తిరిగి ఇవ్వాల్సిన తేదీలు వంకాయరంగు సిరాలో వరసగా కొట్టి ఉన్నాయి, అన్నిటికన్నా పైన ఉన్నది 12-3-69. ఆ రోజుకి ఈ పుస్తకం అద్దెకి తిరుగుతోంది. అంటే ఈ ప్రతి 1964, 1969 మధ్యది. పట్టికలో ముద్రించిన సంవత్సరం ఖాళీ, అంచనా "1964-69", ఆధారం "ధర పైసల్లో, అద్దె చీటీలో మొదటి తేదీ 12-3-69" అని రాశాను. రేపెవరైనా ఇంకా మంచి ఆధారంతో వస్తే నా అంచనా కొట్టేసి వాళ్లది పెడతాను, కానీ నేను ఎందుకలా అనుకున్నానో వాళ్లకి తెలియాలి. ఆ చీటీని చిరాకుపడి పీకేసి ఉంటే ఈ నాలుగు ముక్కలు కూడా ఉండేవి కాదు.

వెనక పేజీల్లో "మా తదుపరి ప్రచురణ" ప్రకటనలు కూడా చూడండి. అందులో ఉన్న ఇంకో పుస్తకానికి సంవత్సరం తెలిస్తే దీనికీ దగ్గరగా తెలుస్తుంది.

ఇక బయట వెతకడం. వరల్డ్‌క్యాట్ అనే ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి కేటలాగులో మన పాత నవలలు అనుకున్నదానికన్నా ఎక్కువే ఉన్నాయి. పీఎల్ 480 (అమెరికా ఆహార సాయం చట్టం) పథకం కింద 1962 నుంచి అమెరికా లైబ్రరీలు భారతీయ భాషల పుస్తకాలు తెప్పించుకున్నాయి, అలా మన ఊళ్లలో కనబడని తెలుగు నవలలు షికాగో, విస్కాన్సిన్ యూనివర్సిటీల లైబ్రరీల దాకా చేరాయి. దొరకట్లేదని వదిలేసే ముందు వాళ్ల స్పెల్లింగ్ తెలుసుకోండి. మనం ఆర్ ఏ ఓ అని రాసే రావుని వాళ్లు ఆర్ ఏ వీ యూ అని రాస్తారు, చ అక్షరానికి ఒక్క సీ రాస్తారు, హెచ్ పెట్టరు. ఇలా మార్చి వెతకగానే నాకు ఒక్క సాయంత్రంలో పదకొండు పుస్తకాలకి సంవత్సరాలు దొరికాయి. ఆ కేటలాగులో సంవత్సరం బ్రాకెట్లలో ఉంటే అది లైబ్రరీ వాళ్ల అంచనా, అచ్చులో ఉన్నది కాదు. మీ పట్టికలో కూడా అలాగే రాయాలి.

బైండు చేసిన సీరియల్స్, అనుబంధ నవలలు

వీటి గురించి లైబ్రరీ పద్ధతుల్లో నాకు పెద్దగా ఏమీ కనబడలేదు, మన ఇళ్లలో మాత్రం ఇవే ఎక్కువ. వారం వారం పేజీలు చింపి, దాచి, అన్నీ వచ్చాక ప్రెస్సులో ఇచ్చి కాలికో గుడ్డ బైండు చేయించుకున్నవి. వీటికి టైటిల్ పేజీ లేదు, ప్రచురణకర్త లేరు, ఈ ప్రతి లోకంలో ఒక్కటే. దీన్ని నవలగా ఎక్కించకండి, "పత్రికా కత్తిరింపుల బైండు" అని రకం రాయండి. పేజీల పైనో కిందో పత్రిక పేరు, తేదీ చిన్న అక్షరాల్లో ఉంటాయి, మొదటి భాగం తేదీ, చివరి భాగం తేదీ రాసుకోండి. మధ్యలో ఏ వారం లేదో కూడా రాయండి. మా పెద్దమ్మ ఒక సీరియల్లో దొరకని వారం భాగాన్ని పక్కింటివాళ్ల పత్రిక చూసి రూళ్ల కాగితం మీద చేత్తో రాసి మధ్యలో కుట్టించింది, పదకొండు పేజీలు, బొమ్మ ఉండాల్సిన చోట ఒక డబ్బా గీసి "ఇక్కడ బొమ్మ" అని రాసింది. అది తప్పకుండా నోట్స్‌లోకి ఎక్కాలి. పుస్తకంగా వచ్చినప్పుడు మార్చేసిన వాక్యాలు, తీసేసిన బొమ్మలు ఈ బైండుల్లోనే మిగిలి ఉండొచ్చు.

మాసపత్రికలతో పాటు ఇచ్చిన అనుబంధ నవలలు అట్ట ఊడిపోయి విడిగా దొరుకుతాయి. ధర లేకపోతే, కాగితం పత్రిక కాగితంలా ఉంటే, ప్రచురణకర్త చోట పత్రిక పేరు ఉంటే అనుబంధమే. పత్రిక పేరు, నెల ప్రచురణ వివరాల్లో రాయండి.

కండిషన్

బాగుంది, పర్లేదు లాంటి మాటలు అమ్మకానికి పనికొస్తాయి, కేటలాగుకి చాలవు. ఏం లేదో రాయండి. "వెనక అట్ట లేదు, 97 నుంచి 112 దాకా పేజీలు లేవు." పాత అచ్చులో పేజీలు ఫారాలుగా వస్తాయి, ఒక్కో ఫారం పదహారు పేజీలో ఎనిమిది పేజీలో ఉంటుంది, ఊడిపోతే ఫారం మొత్తం ఊడిపోతుంది. చాలా పుస్తకాల్లో ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున ఒక చిన్న అంకె ఉంటుంది, ఆ అంకెలు వరసగా చూసుకుంటూ పోతే ప్రతి పేజీ తిప్పకుండానే ఏది పోయిందో తెలిసిపోతుంది. డిటెక్టివ్ నవలలకి చివరి ఫారం మరీ ముఖ్యం, అద్దెకి తిరిగిన పుస్తకాల్లో ఎక్కువగా పోయేది అదే.

ఎక్కడ ఎక్కించాలి

ఒక యాభై పుస్తకాలు పట్టికలోకి వచ్చాకే దీని జోలికి రండి. ఈ లోపు మీ వరసలు రెండు మూడు సార్లు మారతాయి.

సొంత సంగ్రహం చూపించుకోవడానికి నాకు లైబ్రరీథింగ్ అనే వెబ్‌సైట్ నచ్చింది. 2005 నుంచి ఉంది, ఒకప్పుడు 200 పుస్తకాల తర్వాత డబ్బు అడిగేది, 2020 నుంచి ఉచితం. ఐఎస్‌బీఎన్ లేకపోయినా చేత్తో ఎక్కించవచ్చు, సొంత ముఖచిత్రం పెట్టవచ్చు, అందరికీ కనబడే నోటు, మనకి మాత్రమే కనబడే నోటు విడివిడిగా ఉంటాయి, మొత్తం ఎప్పుడు కావాలంటే అప్పుడు కిందికి దించుకోవచ్చు. ఓపెన్ లైబ్రరీ వేరే రకం. ఇంటర్నెట్ ఆర్కైవ్ నడిపేది, అందరూ కలిసి దిద్దే ఉమ్మడి కేటలాగు. అక్కడ రచన ఒకటి, దాని ముద్రణలు దాని కింద విడివిడిగా ఉంటాయి. మీ ప్రతి చిరిగిందా లేదా అన్నది అక్కడ అనవసరం, కానీ ఎవరి దగ్గరా లేని నవల ఒకటి ఉందని లోకానికి తెలియాలంటే అక్కడ పెట్టాలి. ముందు ఆ రచయిత పేజీ ఇంకో స్పెల్లింగ్‌తో ఉందేమో చూడండి, లేకపోతే ఒకే మనిషి ఇద్దరైపోతారు. గుడ్‌రీడ్స్‌లో చదివేవాళ్లు ఎక్కువ, కానీ ఒకే నవలవి మీ దగ్గర రెండు ప్రతులుంటే వాటిని విడిగా చూపడం అక్కడ ఇబ్బంది.

నేను చేసేది ఇది: పట్టికలో అన్నీ, లైబ్రరీథింగ్‌లో అన్నీ, ఓపెన్ లైబ్రరీలో అక్కడ లేనివి మాత్రం.

అట్ట, టైటిల్ పేజీ ఫోటోలతో ఆగండి, పుస్తకం మొత్తం స్కాన్ చేసి పెట్టకండి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కులు కుటుంబానికి ఉంటాయి. 1975లో చనిపోయిన రచయిత పుస్తకమైతే 2035 చివరిదాకా అన్నమాట. పాత పుస్తకం, దొరకని పుస్తకం అన్నంత మాత్రాన హక్కు పోదు. అలాగే లోపలి పేజీలో ఎవరో "ప్రియమైన ఫలానాకి" అని రాసి ఇంటి చిరునామా కూడా వేసి ఉంటే ఆ ఫోటో పైకి ఎక్కించకండి, "1971లో కానుకగా ఇచ్చిన సంతకం ఉంది" అని మాటల్లో రాస్తే సరిపోతుంది.

రోజూ ఎంత, తర్వాత ఏమిటి

రోజుకి పది చాలు. మొదటి పుస్తకానికి నాకు అరగంట పట్టింది, ఇరవయ్యోది వచ్చేసరికి ఆరు నిమిషాలు. ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద కొన్నవి ఆ సాయంత్రమే ఎక్కించేయండి, ఎంతకి కొన్నారో మర్నాటికి గుర్తుండదు. నెలకోసారి పట్టికని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) దించి ఇంకో చోట దాచుకోండి. ఆ ఫైలుని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగంతా పిచ్చిగీతల్లా కనబడవచ్చు, కంగారు పడకండి, డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్ ఎంచుకుంటే అక్షరాలు సరిగ్గా వస్తాయి.

పట్టిక చివర "కావలసినవి" అని ఇంకో షీట్ పెట్టుకోండి, లేని భాగాలు, లేని పేజీలు, లేని వారాలు అన్నీ అక్కడికి. అది అందరికీ కనబడేలా ఉంచండి. 0063కి చివరి ఫారం లేదు, 160వ పేజీ దగ్గర ఆగిపోతుంది, యుగంధర్ గదిలోకి వచ్చి తలుపు వేసి "హంతకుడు మీలోనే ఉన్నాడు" అంటాడు, అంతే. మా పెద్దమ్మని అడిగితే తను చదివినప్పటికే ఆ పేజీలు లేవంది. ఆ వరస ఇంకా ఖాళీగానే ఉంది.